దుంగ దగ్గర మా అత్తగారు

మా అత్తగారు రామాయమ్మ నర్సీపట్నంలో మా వీధికంతటికీ రూల్సు చెప్పే మనిషి. ఏ రోజు తలంటుకోవాలో, ఏ నెలలో చీపురు కొనకూడదో ఆవిడని అడగాల్సిందే. రూలు పెట్టేదీ ఆవిడే, అందులో సందు కనిపెట్టేదీ ఆవిడే.

శ్రావణంలో మా ఆయన కాలం చేశారు. ఏడాదిపాటు ఇంట్లో పండగ లేదన్నారు. దసరా లేదు, దీపావళికి ఒక్క మతాబా లేదు. మా లావణ్యకి తొమ్మిదేళ్లు. మొదట్లో అడిగేది, తరవాత అడగడం మానేసింది. ఉగాదినాడు పక్కింటి సత్యలక్ష్మి పచ్చడి పంపితే, "మనం తినొచ్చా మామ్మా?" అని గిన్నె పట్టుకుని నిలబడింది. అత్తగారు పెరట్లోకి వెళ్లి, మొహం కడుక్కుని వచ్చారు.

"ఏడాది తిరిగేలోగా ఈ గుంటకి ఒక్క పండగైనా సూపించాల," అన్నారు నాతో, పిల్లకేసి చూస్తూ.

లంబసింగి పైనుంచి సంతకి కొండచీపుళ్లు తెచ్చే గున్నమ్మ ఎండవేళ మా అరుగుమీదే అన్నం తింటుంది. ఆ వారం వచ్చినప్పుడు, "మా ఊళ్లో ఇటుకల పండగమ్మా, రండి," అంది. చైత్రంలో విత్తనాలకి మొక్కి, వేటకి పోయే కొండవాళ్ల పండగ అది. అత్తగారికి సందు దొరికింది. మన పండగ చెయ్యకూడదు గానీ, వాళ్ల పండగ చూడకూడదని ఎక్కడుంది?

సత్యలక్ష్మి ఊరుకోలేదు. "అదేటి పిన్నీ, ఏడాది అవ్వకుండా కొండెక్కకూడదని మాకు సెప్పింది నువ్వే కదా?"

"దేవుడి కొండ ఎక్కకూడదన్నాను. అది గున్నమ్మ కొండ. ఆర్టీసీ బస్సు రోజూ ఎక్కతంది, దానికేటైనా అయ్యిందా?"

పులిహోర పండగ వంట కదా అని, పులుపన్నం అని పేరు మార్చి నాచేత కట్టించారు. మా మరిది గోవింద్ ఆటో తీశాడు. ఘాటులో ఆటో రొప్పుతూ ఎక్కింది. లావణ్యకి ఒకసారి వాంతయింది.

ఊరి ముందు రోడ్డుకి అడ్డంగా దుంగ. మగవాళ్లు వేటకి పోయే ఆ పండగ రోజుల్లో ఆడవాళ్లు రోడ్డు కాస్తారు. వచ్చినవాళ్లు చేతిలో ఏదైనా పెట్టాలి, లేదంటే దిగి ఆడాలి. గోవింద్ జేబులో చెయ్యి పెట్టాడు. గుంపులోంచి గున్నమ్మ వచ్చింది.

"నీ డబ్బులెవలికి కావాల బాబూ? అమ్మ ఆడాల!"

"మైల్లో ఉన్నామే. గంతులేస్తే జనం ఏటంటారు?" అన్నారు అత్తగారు.

"ఇక్కడ జనం మేమే కదమ్మా. మేం ఏటీ అనం."

ఆటోలోంచి లావణ్య తల బయటపెట్టి, "ఆడొచ్చా మామ్మా?" అంది. ఆ రోజు పచ్చడి గిన్నెతో అడిగిన గొంతే.

అత్తగారు చెప్పులు విప్పి నా చేతికిచ్చారు. "ఇది ఆడటం కాదు. దార్లో దుంగున్నాది. తీయించుకోడానికి నాలుగుసార్లు కాళ్లు కదపాల, అంతే. బేగి దిగవే!"

వీపుల వెనక చేతులు పెనవేసుకుని థింసా ఆట మొదలైంది. అందరూ అడుగు ముందుకి వేస్తే ఆవిడ వెనక్కి వేస్తారు. వరసంతా తూలిపోయింది. "మా అమ్మ కొత్త అడుగు నేర్పతంది!" అని గున్నమ్మ కేక. లావణ్య నవ్వి నవ్వి ఎక్కిళ్లు తెచ్చుకుంది. గున్నమ్మ నాకూ చెయ్యి చాపింది. నేను చేతిలో చెప్పులు చూపించి ఆటో దగ్గరే ఉండిపోయాను.

సాయంత్రం దిగేటప్పుడు ఇంకో రెండు చోట్ల ఆపారు. గోవింద్ బ్రేకు వేసీ వెయ్యకముందే లావణ్య దూకేసేది. ఆ తరవాత వచ్చిన దుంగ దగ్గర ఎవరూ లేరు. దాన్ని రోడ్డు పక్కకి దొర్లించి వెళ్లిపోయారు. పిల్ల మొహం చిన్నబోయింది.

"ఆపరా," అన్నారు అత్తగారు.

"ఆపేవోళ్లెవలూ లేరమ్మా."

"దుంగుంది కదా. దొంగల్లాగ పోతామేటి? దిగండి."

గోవింద్ ఫోనులో పాట పెట్టబోతే వద్దన్నారు. పాట పెడితే పండగైపోతుందట, చప్పట్లు చాలట. చెప్పులు విప్పి నా వైపు చాపారు. ఏమనుకున్నారో, మళ్లీ తీసుకుని రోడ్డు వారన పెట్టేశారు.

"నీవీ అక్కడెట్టు," అన్నారు.