ఇరవై ఏడు రోజుల చక్రవర్తిని చూడబోయి

శనివారం ఉదయం 8.51కి స్టుట్‌గార్ట్‌లో ఐసీఈ రైలు ఎక్కాను. ముందుగా కొన్నాను గనుక టికెట్టు ఇరవై తొమ్మిది యూరోలే. సంచిలో పులిహోర డబ్బా, ఫోనులో జవాబు రాని మెసేజీ: "పన్నెండింటికి ఫ్రాంక్‌ఫర్ట్ మ్యూజియం గుమ్మం దగ్గర ఉంటాను. పాతకాలపు చైనా చక్రవర్తి లియు హె మీద ప్రదర్శన. వస్తే రా." ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్న పాత స్నేహితుడు ప్రసాద్‌కి పంపింది. రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంతే. వాడు ఈ గురువారం జర్మనీ వదిలేసి ఇండియా వెళ్లిపోతున్నాడు. మేం మాట్లాడుకుని మూడేళ్లయింది.

ఎదుటి సీట్లో జీగెన్‌లో ఎమ్మెస్ చదివే వరంగల్ అమ్మాయి. ఎక్కడికని అడిగితే, గద్దె దించేసిన మా చుట్టాన్ని చూడ్డానికి, చైనా చక్రవర్తి అన్నాను.

"చైనాల మీకు చుట్టాలెట్లుంటరు అంకుల్?"

"పదవి పోయినవాళ్లందరిదీ ఒకటే గోత్రమమ్మా. ఆయన ఇరవై ఏడు రోజులు ఏలాడు. నేను మా తెలుగు సంఘాన్ని పంతొమ్మిది రోజులు ఏలాను."

నా ఏలుబడి సంగతి ఇదీ. ఉగాదికి హాలు సగం అద్దెకే సాధించానని, మేయరంతటివాడు నా మాట కాదనలేకపోయాడని ఊరంతా చెప్పుకున్నాను. సగం అద్దె ఎందుకంటే ఆ రోజు గుడ్‌ఫ్రైడే. ఆ రోజు ఇక్కడ బహిరంగంగా డాన్సులు నిషేధం. నలభై మంది పిల్లలు కూచిపూడికి గజ్జెలు కొనుక్కున్నాక గానీ నాకు తెలియలేదు. నన్ను అధ్యక్షుడిగా నిలబెట్టిందీ ప్రసాదే, దించాలని లేచి చెప్పిందీ ప్రసాదే. వచ్చిన కొత్తలో నాలుగేళ్లు ఒకే గదిలో, ఒకే కుక్కర్‌లో వండుకు తిన్నవాళ్లం.

10.20కి ఫ్రాంక్‌ఫర్ట్. ఓ కాఫీ తాగి, నది ఒడ్డు వెంట నడిచాను. పన్నెండయింది, పన్నెండున్నరయింది. గుమ్మం దగ్గర నిలబడి వచ్చిన ప్రతి బట్టతలనీ పరీక్షగా చూశాను. చివరికి పన్నెండు యూరోలిచ్చి ఒక్కణ్ణే లోపలికి వెళ్లాను.

అసలు వస్తువులు చైనాలోనే ఉన్నాయి, ఇవి నకళ్లు. ఈ కుర్ర చక్రవర్తిని గద్దె ఎక్కించిన మంత్రే, చెయ్యి పట్టుకుని రాజముద్ర తాడు విప్పేశాడట. ముందు సొంతూరికి, తర్వాత దూరాన దక్షిణాదికి పంపేశారు. పూర్వీకుల గుడిలో పూజకు రానివ్వలేదు. అయినా అక్కడ సమర్పించడానికని బంగారు బిళ్లల మీద తన పేరు రాయించి ఉంచుకున్నాడు. ముప్పై దాటిన కొన్నాళ్లకే పోయాడు. ఆ బిళ్లలూ, రాజధానికి రాసుకున్న అర్జీల ప్రతులూ ఆయనతోపాటే సమాధిలో ఉండిపోయాయి. నేను ప్రసాద్‌కి రాసి చెరిపేసిన మెసేజీలెన్నో. ఆ గాజు పెట్టె ముందు నుంచి కదల్లేకపోయాను.

"ఇరవై ఏడు రోజుల్లో పదకొండు వందల ఇరవై ఏడు తప్పులట," అని వెనక నుంచి గొంతు. "నీ మీద మేం మూడే రాశాం రా, మూర్తీ."

వెంటనే తిరగలేకపోయాను. "మూడేనా? మరీ అంత తీసిపోయానా?"

ప్రసాద్ పక్కకొచ్చి నిలబడ్డాడు. చిక్కిపోయాడు. గోడ మీద జర్మన్‌లో రాసి ఉన్నది వాడే చదివి చెప్పాడు: దించేసిన కుర్రాణ్ణి బసదాకా దిగబెట్టి, ఆ మంత్రి ఏడుస్తూ వెళ్లిపోయాడట.

"మరి నువ్వేడ్చావా?"

"పార్కింగ్‌లో. టైం దాటి ఫైను కూడా పడింది."

"ఒక్క ఫోను చెయ్యలేకపోయావా?"

"నువ్వు చేశావా?"

నది ఒడ్డున బెంచీ మీద పులిహోర తిన్నాం. ఉప్పెక్కువైందంటూనే డబ్బా ఖాళీ చేశాడు. గురువారం ఎయిర్‌పోర్టుకి వస్తానన్నాను. "వద్దురా. మా ఆవిడ ముందు నా పరువు తీస్తావు," అని నది వైపు తిరిగిపోయాడు.

సాయంత్రం 4.05కి తిరుగు రైలు. ఈ ప్రదర్శన చూడాలనుకునేవాళ్లకి రెండు గంటలు చాలు. మీతో మాటలు లేనివాళ్లెవరైనా ఉంటే వాళ్లను పిలుచుకుని వెళ్లండి. లియు హెకి రాజధాని నుంచి మళ్లీ పిలుపు రాలేదు. నాకు ప్రసాద్‌తో మూడు గంటలు దొరికాయి. సరిపోలేదు.

మ్యాన్‌హైమ్‌లో జనం బాగా ఎక్కారు. పక్క సీటు ఖాళీయేనా అని ఒకాయన అడిగాడు. లేదండీ, మా ఫ్రెండుది, కాఫీకి వెళ్లాడు అన్నాను. స్టుట్‌గార్ట్ వచ్చేదాకా ఆ సీటు వాడికోసం అలాగే ఉంచాను.