రామచందర్ సార్ వేయనన్న లేబుల్

నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లే దారిలో ఇంకా ఒకటి రెండు చిన్న ప్రెస్సులు మిగిలాయి. వాటి ముందు నుంచి నడిస్తే సిరా, కిరోసిన్ కలిసిన వాసన గుప్పుమంటుంది. అందరూ ముక్కు మూసుకుని దాటిపోతారు, నేను మాత్రం ఆగిపోతాను. ఆ వాసనకు నాకు రామచందర్ సార్ గుర్తొస్తారు. ఆయన వెంటే నేను చేసిన తప్పూ గుర్తొస్తుంది.

ఆబిడ్స్ వెనక సందులో ఆయనకు లేబుళ్ల ప్రెస్సు ఉండేది. అప్పడాలు, పచ్చళ్లు, నూనెల మీద అతికే కాగితాలన్నీ అక్కడ అచ్చయ్యేవి. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి నేను అక్కడ కంప్యూటర్ మీద డిజైన్లు చేసే పనిలో చేరాను. మెషీన్ మీద ఇద్దరు, కత్తిరించడానికి ఒకరు, నేను, అంతే. సార్‌ది పాత హైదరాబాద్ కుటుంబం. జేబులో ఎప్పుడూ భూతద్దం ఉండేది. కొత్త లేబుల్ ఏది వచ్చినా, తెచ్చినవాళ్లను ఒక్కో మాట మీద వేలు పెట్టి "గిది నిజమేనా? మీకెట్ల తెల్సు?" అని అడిగేవారు. 'నేతితో చేసినవి' అని రాయాలంటే నెయ్యి ఎక్కడ కొంటున్నారో చెప్పాల్సిందే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మేం వెనక నవ్వుకునేవాళ్లం. "వాళ్ల సరుకు, వాళ్ల మాట. మనకెందుకు సార్?" అన్నాను ఒకసారి విసుగ్గా.

"కొనేటోళ్లు పాకెట్ ఇప్పి చూడలేరు బిడ్డా. మీద రాసింది చదువుతరు, అంతే. గా చదివేది మనం ఏసిందే" అన్నారు.

ఉస్మాన్‌గంజ్‌లో ఒక నూనె వ్యాపారి ఉండేవాడు. మా పనిలో సగం ఆయనదే. ఒకరోజు పత్తిగింజల నూనెకు కొత్త లేబుల్ కావాలని వచ్చాడు. ముందువైపు పెద్ద ఆకుపచ్చ అక్షరాల్లో 'జన్యుమార్పిడి లేనిది' అని ఉండాలన్నాడు. సార్ నావైపు తిరిగారు.

"మీ నాయిన పత్తే కద ఏసేది? ఏ విత్తనం బిడ్డా?"

"బీటీనే సార్, గా జన్యుమార్పిడి చేసిన విత్తనమే. మా దిక్కు అందరు గదే ఏస్తరు."

"మీ గింజలు యాడికెల్లి వస్తయి సేఠ్?"

"గా దిక్కుకెల్లే. అయితే ఏంది? గా నూనె తిని ఎవరన్న సచ్చిన్రా?" అన్నాడు వ్యాపారి.

"సచ్చిన్రని నేనంటలేను. మంచిదో చెడ్డదో నాకు తెల్వది. తినాల్నో వద్దో తినేటోళ్లు సోంచాయించుకుంటరు. నిజం చెప్తెనే కద, సోంచాయించేది!"

వ్యాపారి కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన నుంచి ఏ పనీ రాలేదు. మెషీన్ రోజుకు రెండు గంటలు తిరిగితే గొప్ప.

ఆ చలికాలంలోనే సార్ కిడ్నీలు పాడయ్యాయి. వారంలో మూడు రోజులు దవాఖానలోనే. ప్రెస్సు నా మీద పడింది. ఒక మధ్యాహ్నం వ్యాపారి అదే లేబుల్ పట్టుకుని మళ్లీ వచ్చాడు. "గిదొక్కటి ఏస్తే పాత పనంత మళ్ల మీకే" అన్నాడు. మెషీన్ దగ్గర ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు. ప్రెస్సు మూతపడితే సార్ తట్టుకోలేరని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పది నిమిషాల్లో ఆ రెండు మాటలూ కూర్చాను. భలే కుదిరాయని మురిసిపోయాను కూడా. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సార్‌కు చెప్పే ధైర్యం చేయలేదు. నెల తర్వాత ఆయన్ను చూడటానికి హిమాయత్‌నగర్‌లో వాళ్లింటికి వెళితే, వాళ్లావిడ వంటింట్లోంచి ఆ పాకెట్ తెచ్చి చూపించింది. "సార్ పానానికి మంచిదని గిది తెచ్చిన. చూడు, మీద రాసే ఉన్నది" అంది సంబరంగా. సార్ భూతద్దం పెట్టి అడుగున చిన్న అక్షరాలు చదివారు. అక్కడ మా ప్రెస్సు పేరుంది. నాలుగు తిట్టినా బాగుండేది.

"నన్ను గూడ గా కొనేటోళ్లల్ల కలిపినవా బిడ్డా?" అన్నారు.

మర్నాడు నిలబడే ఓపిక లేకపోయినా నన్ను వెంటబెట్టుకుని ఆటోలో ఉస్మాన్‌గంజ్ వెళ్లారు. మిగిలిన లేబుళ్లు వాపస్ ఇవ్వమని అడిగారు. వ్యాపారి మర్యాదగానే కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. "అంత అయిపోయింది సార్. మాల్ దుకాన్లకు పోయింది" అన్నాడు. మెట్లు దిగుతూ సార్ నా భుజం పట్టుకున్నారు. ఆ చేతిలో బరువే లేదు. రెండు నెలలకు ఆయన పోయారు, ఆ వెనకే ప్రెస్సూ మూతపడింది. దేన్ని కాపాడాలని అబద్ధం కూర్చానో అదీ దక్కలేదు.

ఇప్పుడు గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో డిజైన్లు చేస్తున్నాను. ఏ లేబుల్ వచ్చినా నిజమేనా అని అడగకుండా ఉండలేను. నీకెందుకమ్మా అని మా యజమాని విసుక్కుంటాడు, నేను మానను. ఆ నూనె మాత్రం ఇంకా అమ్ముడుపోతూనే ఉంది. అచ్చు వేరేచోట వేయిస్తున్నారు గాని అక్షరాలు నేను కూర్చినవే. మొన్న పక్కింటి సుజాత మురుకులు తెచ్చి పెట్టింది. పిల్లలకని మంచి నూనె వెతికి తెచ్చానంటూ ఆ పాకెట్టే చూపించింది.

"గా మాట అబద్ధం సుజాతా. రాసింది నేనే" అన్నాను.

 ఆమె పాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. కోప్పడలేదు.

"మరి ఏది కొనాలె అక్కా? నిజం దేని మీద రాసున్నది?"