నేను కట్టిన ముడుపు

ప్రతి ఏడూ ఐప్పసి నెలలో, అంటే అక్టోబరు నడిమిలో, వానలు మొదలయ్యే వారంలో తిరువళ్ళూరులో మా మూచ్చు పయిర్చి క్లాసు మొదలవుతుంది. తమిళంలో మూచ్చంటే ఊపిరి, పయిర్చి అంటే సాధన. ఇంట్లో తెలుగు మాట్లాడే మేము కూడా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తాం. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఒక కల్యాణ మండపం వాళ్ళు కింది భోజనాల హాలు ఊరికే ఇస్తారు. ఎంత కడిగినా సాంబారు వాసన వదలని ఆ నేల మీద చాపలు పరుచుకుని ఒక ముప్పైమందిమి కూర్చుంటాం. నేర్పేది రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక తమిళాయన. మొదటి రోజు ఆయన తప్పకుండా ఒక మాట చెబుతాడు. ఇది మందు కాదు, మీ డాక్టరు రాసిచ్చిన మందులు దీన్ని నమ్ముకుని ఆపొద్దు అని.

ఆయన ఆ మాట అనగానే నేను లేచి నిలబడి అదే మాట మళ్ళీ గట్టిగా చెబుతాను. ఒకసారి తమిళంలో, ఒకసారి తెలుగులో. కొత్తవాళ్ళు తెల్లమొహం వేస్తారు. పాతవాళ్ళు నవ్వుకుంటారు. తాలూకా ఆఫీసులో ముప్పై ఏళ్ళు జనాన్ని అదిలించిన గొంతు కదా, రిటైరైనా దర్పం వదల్లేదని వాళ్ళ ఎగతాళి. నవ్వుకోనీ. నేనెందుకు లేస్తానో మాస్టారుకు తెలుసు, అదీ సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆ క్లాసుకు పోవడం మొదలుపెట్టింది రిటైరైన మొదటి వానాకాలంలో. మా ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆఫీసు ఉన్నన్నాళ్ళూ ఆ లోటు పగటిపూట తెలియలేదు. ఇంట్లో కూర్చున్నాక తెలిసింది. ఐప్పసిలో మబ్బు కమ్మితే మధ్యాహ్నం మూడింటికే లైటు వేసుకోవాలి. ఉతికిన చీర నాలుగు రోజులైనా ఆరదు, గోడలు చెమర్చి సున్నం రాలుతుంది. పొద్దున లేవబుద్ధి అయ్యేది కాదు. లేస్తే ఎందుకు లేచానో తెలిసేది కాదు. ఏడుద్దామన్నా ఏడుపు రాదు. గుండెల మీద ఎవరో తడిగుడ్డ పరిచినట్టు ఉండేది.

ఎదురింటామె పోరు పడలేక క్లాసుకు పోయాను. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. ఆ తర్వాత కళ్ళు మూసుకుని పది నిమిషాలు ఊరికే కూర్చోవడం. మొదటి వారం అంతా మాస్టారును మనసులో తిట్టుకుంటూనే కూర్చున్నాను. మూడో వారం ఒక పొద్దున నా అంతట నేనే లేచి, కాఫీ పెట్టుకుని, వాన చూస్తూ తాగాను. జరిగింది అంతే. కానీ రెండు నెలలుగా నోటికి ఏ రుచీ తెలియని మనిషికి ఆ కాఫీ రుచి తెలిసింది. ఆ సాధన నాకు పనిచేసింది, అందులో అబద్ధం లేదు. పనిచేసిందన్న పొగరు నాకు తలకెక్కింది. ఆ పొగరు నా కొంప ముంచలేదు, మా అక్క కొంప ముంచింది.

అక్క నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. పొదటూరుపేటలో బావకు కిరాణా అంగడి, ముందు అంగడి, వెనక ఇల్లు. మిరపకాయల ఘాటు, పప్పుల దుమ్ము, వానాకాలం గోనెసంచుల ముక్క వాసన అన్నీ ఆమె పడుకునే గదిలోకే వచ్చేవి. నలభై దాటాక ఉబ్బసం పట్టుకుంది. ఎండాకాలం బాగానే తిరిగేది. ఐప్పసి మొదలు సంక్రాంతికి వచ్చే తై నెల దాకా నోట్లో కొట్టుకునే ఇన్‌హేలరు లేకుండా గడిచేది కాదు. దాన్ని ఆమె పంపు అనేది. బొడ్లో ఒక పక్క పంపు, ఇంకో పక్క ఆకువక్క సంచి. ఆకులు నమిలి నమిలి ఆమె నోరూ పళ్ళూ ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. "ఊపిరి ఆడకపోయినా నీ నోరు మాత్రం ఆడాల" అని నేను వెక్కిరిస్తే, మొహాన ఉమ్మేస్తా పో అనేది.

ఆ పంపంటే నాకు పడేది కాదు. అది మా బంధువులందరికీ ఉన్న భయమే. ఒకసారి అలవాటైతే ఇక వదలదని, ఆఖరి దశలో ఉన్నవాళ్ళకు ఇచ్చేదని అనుకునేవాళ్ళం. అక్క కూడా పెళ్ళిళ్ళలో మూలకు తిరిగి, కొంగు చాటున కొట్టుకునేది.

మరుసటి ఏడు ఐప్పసిలో క్లాసు మొదలైన రెండో రోజే తిరుత్తణి దాకా రైలెక్కి, అక్కడ బస్సు పట్టుకుని పొదటూరుపేటకు పోయాను. మాస్టారు చెప్పినవన్నీ అక్క కోసం ఒక కాగితం మీద రాసుకున్నాను. వీపు ఎట్లా పెట్టాలి, ఎన్ని అంకెలు, ఎంతసేపు. మందులు ఆపొద్దన్న మాట ముందురోజే నా చెవులతో విన్నాను. దాన్ని మాత్రం రాసుకోలేదు. రేపు ఎవరికైనా ఏమన్నా అయితే తన మీదికి రాకుండా ఆయన అనే మాటలే అనుకున్నాను. ఆఫీసులో మేము కూడా అట్లాంటి మాటలు ఎన్నో కాగితాల కింద రాసేవాళ్ళం.

"ఇది చేసి చూడక్కా, ఆ పంపుతో పనే ఉండదు" అన్నాను.

"డాక్టరు తిడతాడే."

"ఆయనదేం పోయె. నేనేమన్నా మాత్రలు మింగినానా? నన్ను చూడు, ఎట్లుండానో."

అక్క ఆకుకు సున్నం రాసుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది. "నీకు వచ్చింది దిగులు పాపా. నాకు వచ్చేది ఆయాసం. రెండూ ఒకటి యాడయితాయి?"

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను, అది నా గుణం. పదిమందిలో కొంగు చాటున ఆ పంపు కొట్టుకోవడానికి నీకు సిగ్గుగా లేదా, చివరిదాకా ఇట్లాగే బతుకుతావా అని అరిచేశాను. అక్క మొహం చిన్నబోయింది. చేతిలోని ఆకు సంచిలో పెట్టేసి, "సరేలే. చదువుకున్నదానివి నువ్వు. చెప్పు, చేస్తా" అంది.

నా ముందు సరే అని నేను పోగానే మానేస్తుందని నా అనుమానం. అందుకే ముడుపు కట్టాను. మా ఇళ్ళలో తిరుత్తణి సామికి మొక్కుకుంటే, గుడ్డను పసుపునీళ్ళలో ముంచి, అందులో ఒక నాణెం పెట్టి ముడి వేసి, సామి పటం పక్కన మేకుకు తగిలిస్తాం. మొక్కు తీరిన రోజు కొండ మీద హుండీలో వేసేదాకా దాన్ని ఎవరూ విప్పరు. నేను నాణెంతో పాటు అక్క పంపు కూడా అందులో పెట్టాను. ఇంట్లో ఉన్నది అదొక్కటే. తై నెల కృత్తిక పండక్కి ఇద్దరం కొండకు ఉన్న మూడువందల అరవై అయిదు మెట్లూ నడిచి ఎక్కుతాం, మెట్టుకొక ఊపిరి, పైకి పోయి దీన్ని హుండీలో వేస్తాం. ఇదీ మొక్కు. తడిగుడ్డకు మూడు ముళ్ళు వేసి, ఉన్న బలమంతా పెట్టి బిగించాను.

"ఏమే, సామికి కడతా ఉండావా, నాకు సంకెళ్ళు ఏస్తా ఉండావా?" అక్క పడీ పడీ నవ్వింది.

"నీకే. నీ బుద్ధి నాకు తెలవదా."

అంగడిలోంచి బావ తొంగి చూసి, "దాన్ని ఎందుకమ్మా అందులో పెట్టేది?" అన్నాడు. మీరు పోయి పప్పులు తూకం వేసుకోండి బావా అన్నాను. ఆయన మెత్తటి మనిషి. తిరిగి అంగడిలోకి పోయాడు.

ఆ ఏడు ఐప్పసి వాన మొహం చాటేసింది. నాలుగు వారాలు ఎండ కాసింది. అక్కకు ఆయాసం రాలేదు. అది ఎండ వల్ల అని ఎవరన్నా చెబితే కొట్టేదాన్నేమో, అంత గర్వంగా ఉన్నాను. రోజూ పొద్దున ఫోను చేసి చేశావా లేదా అని నిలదీసేదాన్ని. క్లాసులో అందరికీ చెప్పాను, మా అక్క పంపు మానేసిందని కాదు, మా అక్కకు ఉబ్బసం తగ్గిందని. మాస్టారు మాత్రం, "మందు వాడుతూనే ఉంది కదమ్మా?" అని అడిగాడు. ఆ, ఆ అన్నాను.

కార్తీకంలో తుఫాను వచ్చింది. మూడు రోజులు సూర్యుడు లేడు. మూడో రోజు పొద్దున పదింటికి అక్క ఫోను చేసింది. దారి మూసేలోపల సరుకు తేవాలని బావ తిరుత్తణికి పోయి ఉన్నాడు.

"పాపా, లోపలికి పోతా ఉంది. బయటికి రావడం ల్యా."

"బయపడొద్దు. వీపు నిటారుగా పెట్టుకో. నేను లెక్కపెడతా, నాతో పాటు వదులు."

ఒకటి, రెండు, మూడు అని నేను లెక్కపెడుతున్నాను. అవతల ఆమె ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది. నాలుగు దాకా ఆమె రాలేకపోయింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. అంత కంగారులోనూ నా గొంతు మాస్టారు గొంతులాగా ఎంత నిదానంగా ఉందో అని నాకు ముచ్చటేసింది. ఇది దాచి ప్రయోజనం లేదు, వేసింది. అక్క, "చాల్లే పాపా... నేను చూసుకుంటా" అని పెట్టేసింది.

ముడుపు విప్పెయ్ అక్కా అని నేను అనలేదు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. నాలుగు వారాలు నిలబడింది కదా, ఇంకొంచెం చూద్దాం అనుకున్నాను. పది నిమిషాలాగి ఫోను చేస్తే ఎత్తలేదు. సర్దుకుని పడుకుందేమో అనుకుని, పెసలు నానబోసుకోవడానికి వంటింట్లోకి పోయాను.

బావ మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అక్క సామి గది గడప దగ్గర పడి ఉంది. ఆ వానలో ఆటో పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. ప్రాణం పోయి చాలాసేపైందన్నారు.

సామి గది గడప దగ్గర అని బావ చెప్పిన ఆ ఒక్క ముక్కను నేను పట్టుకున్నాను. అంత ఆయాసంలోనూ అక్క దేవుడి ముందుకు పోయింది. చేతికి అందేంత దూరంలో పంపు ఉన్నా మొక్కిన ముడి ముట్టుకోలేదు. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పాను, ఏడుస్తూ చెప్పాను. ఆఖరికి నేను కూడా నమ్మేశాను. అక్క తనంతట తాను ఎంచుకుని పోయిందనుకుంటే నాకు రెండు ముద్దలు గొంతు దిగేవి. అట్లా ఏడాది గడిపాను.

సంవత్సరీకానికి బంధువులంతా పొదటూరుపేటకు వచ్చారు. భోజనాల దగ్గర ఎవరో అక్క మాట ఎత్తితే నేను మళ్ళీ మొదలుపెట్టాను. "మా అక్క బక్తి అట్లాంటిది. ప్రాణం మీదికి వచ్చినా సామి ముడి ముట్టలేదు." వడ్డిస్తున్న బావ గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి పోయాడు. కాసేపటికి నన్ను పిలిచాడు.

ఆయన సామి గదిలో పటం వెనక చెయ్యి పెట్టి ఆ పసుపు మూట తీశాడు.

"ఇంగెప్పుడూ ఆ మాట అనొద్దమ్మా" అన్నాడు. "నేను వచ్చినప్పుడు ఇది దాని చేతిలో ఉండింది. నీ కంట పడకూడదని ఇన్నాళ్ళూ ఈడ దాచిపెట్టినా. నువ్వు పదిమందికీ ఆ మాట చెప్తా ఉంటే ఇనలేకపోతా ఉండా. అది సామి కోసం సచ్చిపోలా. ఊపిరి కోసం కొట్టుకోనింది."

నేను మూట అందుకున్నాను. గుడ్డ ఎండి అట్ట కట్టింది. పసుపు రంగు చాలావరకు పోయింది. ముళ్ళ దగ్గర మాత్రం ఎరుపు. ఆకువక్క ఎరుపు. పైముడి మీద పంటిగాట్లు, గుడ్డ అంచు చిరిగి పోగులు లేచి ఉంది. గోళ్ళతో రాక పళ్ళతో లాగింది మా అక్క. కత్తి వంటింట్లో ఉంది, అంగడిలో కత్తెర ఉంది. అక్కడిదాకా నడిచే ఊపిరి ఆమెకు లేదు.

"నీ మీద కోపం ల్యా అని చెప్పను" అన్నాడు బావ. "ఉండాది." వడ్డన మిగిలి ఉందని బయటికి పోయాడు. ఆ పొద్దు ఫోనులో నేను లెక్కపెట్టిన సంగతి ఆయనకు అప్పుడు కూడా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఆ మూటను చీర మడతల మధ్య పెట్టుకుని రైలులో తిరువళ్ళూరుకు వచ్చాను. తీరని మొక్కును కొండ మీద హుండీలో వేసే మొహం నాకు లేదు. మరుసటి రోజు పొద్దున క్లాసుకు పోలేదు. కిటికీ దగ్గర కూర్చుని దాన్ని విప్పబోయాను. కత్తి తెచ్చుకోలేదు. గోళ్ళు నొప్పి పుట్టేదాకా లాగాను, రాలేదు. అక్క పళ్ళు దిగిన చోటే నా పళ్ళు పెట్టి లాగాను. ఊపిరి లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది, ఆపుదామన్నా ఆగలేదు. నాకు ఏ జబ్బూ లేదు, ఊపిరి లోపలికి పోయినంతా బయటికి వస్తోంది. మొదటి ముడి వదిలేసరికి అరవై ఊపిరులు పట్టాయి. ఇంకా రెండు ముళ్ళు ఉన్నాయి.