నా సెర్చ్ ఇంజన్ చూసిన సంబంధం

మొన్న శనివారం నా చేతులారా నేనేం చేసుకున్నానో చెప్తాను, టీ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వేయండి, ఏమీ అనుకోను. ప్రేమలో దెబ్బతిన్నవాళ్లు చాలామందే దొరుకుతారు. కానీ కష్టపడి కోడ్ రాసి, క్లయింట్‌కి డెమో ఇచ్చి మరీ దెబ్బతిన్నవాణ్ని నన్నొక్కణ్నే చూస్తారు!

సైనిక్‌పురిలో రావుగారని ఒకాయన పెళ్లిళ్ల బ్యూరో నడుపుతున్నారు. మిలిటరీలో రిటైరయ్యారు. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లకి సంబంధాలు చూస్తుంటారు. ఆయన వెబ్‌సైట్ పని మా కంపెనీకొచ్చింది. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. సికింద్రాబాద్‌లో ఒక మేడ మీద గది, అందులో నేనూ, నా ఫ్రెండ్ ఖాదరూ.

సైట్ తయారయ్యాక రావుగారు అడిగారు. "అమ్మాయి పేరు కింద బటన్ నొక్కితే తగిన కుర్రాళ్లు వరసగా రావాల. అవుతాదా బాబూ?"

"ఎందుకవదు సార్!" అనేశాను. నిజంగానే అవుతుంది. ఎక్కడో ఎవరో పుణ్యాత్ములు సెర్చ్ ఇంజన్ మొత్తం రాసేసి, ఓపెన్ సోర్స్ అని పేరు పెట్టి, నెట్‌లో ఊరికే ఇచ్చేశారు. దాన్ని తెచ్చి మన అప్లికేషన్‌కి తగిలించుకోవడమే మన పని. బయోడేటాలన్నీ దానికి అప్పజెప్తే చదివి పెట్టుకుంటుంది. ఎవరి వివరాలు ఎక్కువ కలిస్తే వాళ్లని పైన చూపిస్తుంది. దేనికెంత వెయిట్ ఇవ్వాలో మాత్రం మనం చెప్పాలి.

"అన్నిట్లోకీ ఏది ముఖ్యం సార్?" అని అడిగాను.

"గోత్రమయ్యా! ముందు గోత్రం చూడాల. చదువూ ఉద్యోగం తర్వాత."

అంతే. గోత్రానికి అన్నిటికంటే ఎక్కువ వెయిట్ ఇచ్చేశాను. అప్పుడే నవ్వకండి, ఆగండి!

ఇక సుజాత సంగతి. బ్యూరోలో బయోడేటాలు టైప్ చేసేది ఆవిడే. తలొంచుకుని టైప్ చేస్తూ మధ్యమధ్యలో కిటికీలోంచి వాన చూస్తుంది. నేను ఆవిణ్ని చూస్తాను. ఆవిడ బయోడేటా కూడా రావుగారు సైట్‌లో పెట్టించారు. నాది మా అమ్మ ఎప్పుడో ఇచ్చేసింది. సెర్చ్ తగిలించిన రోజు, ఆఫీసులో ఎవరూ చూడకుండా సుజాత పేరు కింద బటన్ నొక్కాను. పేజీ మెల్లగా తెరుచుకుంది. అన్నిటికంటే పైన, పక్కపాపిడి తీసుకుని, స్టూడియోలో దిగిన ఫొటో. నాదే!

ఆ తర్వాత నేను నేల మీద లేనండీ. కంప్యూటర్‌కి మొహమాటం ఉండదు కదా, అంతమందిలో నన్నే చూపించిందంటే ఇది రాసిపెట్టి ఉన్నదే అనుకున్నా. వివరాల పేజీ తెరిచి చూద్దామని కూడా తోచలేదు. దేవుడు కలిపిన జంటని ఎవరైనా డీబగ్ చేస్తారా? బస్సులో కూర్చుంటే చాలు, సైనిక్‌పురిలో చిన్న ఇల్లు కనిపించేది. ముందు వరండా, గేటు మీదికి పాకిన మల్లెతీగ, సన్నగా చినుకులు. రెండు పేము కుర్చీలు. ఒకదాంట్లో నేను, ఒకదాంట్లో ఆవిడ. టీ కప్పుల్లోంచి పొగ. ఆ పొగ చూస్తూ చూస్తూ తిరుమలగిరిలో దిగాల్సినవాణ్ని బొల్లారం దాకా వెళ్లిపోయి, వానలో నవ్వుకుంటూ వెనక్కి నడిచొచ్చాను.

"ఏందన్నా, కోడ్ రాస్తున్నవా, కలలు కంటున్నవా?" అన్నాడు ఖాదర్. వాడికి అంతా చెప్పేశాను. డెమో అవగానే రావుగారితో సుజాత గురించి మాట్లాడేద్దామని నిర్ణయించుకున్నా.

శనివారం డెమో. రావుగారు, పక్కనే సుజాత, వెనక ఖాదర్. "మా మేనకోడలు లలితకి చూడు బాబూ" అన్నారాయన. స్టైల్‌గా బటన్ నొక్కాను. మొదటి ఫొటో రాగానే రావుగారు కుర్చీలోంచి లేచిపోయారు.

"ఏటయ్యా ఇది! ఈడు మా లలిత సొంత అన్న!"

రెండోవాడు వాళ్ల చిన్నాన్న కొడుకు. మూడోవాడు పెదనాన్న కొడుకు. కుటుంబం మొత్తం గ్రూప్ ఫొటోకి నిలబడినట్టు వరసగా దిగారు!

"అన్నా, ఇది సంబంధాలు చూస్తదా, తప్పిపోయినోళ్లను దొరకబడతదా?" అన్నాడు ఖాదర్.

"గోత్రం ముఖ్యమంటే కలవకూడదని కదటయ్యా! ఒకే గోత్రమైతే అన్నాచెల్లెళ్ల వరస. మీ ఇంట్లో పెద్దోళ్లు చెప్పనేదా?" అన్నారు రావుగారు.

చెప్పకేం, చిన్నప్పట్నుంచీ తెలుసు! కీబోర్డు ముందు కూర్చుంటే ఆ తెలిసిందంతా ఎటు పోతుందో! సిగ్గుతో చచ్చిపోయి, అక్కడికక్కడే మార్చాను. గోత్రం కలిస్తే లిస్టులోంచి అవుట్. మళ్లీ నొక్కితే అన్నలంతా మాయం, బంగారంలాంటి సంబంధాలొచ్చాయి. రావుగారు నా భుజం తట్టారు.

"మన సుజాతకి కూడా చూసెయ్."

అప్పుడు... అప్పుడు వెలిగిందండీ నాకు. ఆ రోజు నేను పైన ఎందుకొచ్చానో! నొక్కక తప్పలేదు. పైన బొబ్బిలి కుర్రాడు, బ్యాంకు ఆఫీసరు. నేను లేను. కిందికి వెళ్లాను. చివరి పేజీ దాకా వెళ్లాను. "సర్వర్ స్లో సార్" అంటూ మళ్లీ మళ్లీ నొక్కాను.

ఖాదర్ చెవిలో మెల్లగా అన్నాడు. "అన్నా, రిఫ్రెష్ కొడితే గోత్రం మారదు."

సుజాత నవ్వింది. ఎంత బాగా నవ్విందో! "సూర్యం గారూ, మీదీ మాదీ ఒకే గోత్రం. మీ బయోడేటా టైప్ చేసినప్పుడే చూశాను. అప్పట్నుంచీ అన్నయ్యా అని పిలుద్దామనుకుంటున్నా, మొహమాటపడ్డాను."

బయట వాన మొదలైంది. నా వరండాలో ఒక కుర్చీలోంచి నేను లేచాను, బొబ్బిలి ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు. టీ ఇంకా వేడిగానే ఉంది.

నిన్న రావుగారు ఫోన్ చేశారు. సంబంధం ఖాయమైందట. "సుజాతకి తోడబుట్టినోళ్లు నేరు కదా బాబూ. ఎదురుకోలులో పెళ్లికొడుక్కి పానకం ఇచ్చేది నువ్వే!"

వెళ్తున్నాను. ఏం చేస్తాం, ప్రాజెక్ట్ డెలివర్ చేశాక సపోర్ట్ కూడా మనదేగా!