కమలాకర్ గారి ఇనుప పళ్ళు

అడక్కుండా, కొలవకుండా, కనీసం కిందికి చూడకుండా, కమలాకర్ గారు ఎదుటి మనిషి బూటు సైజు ఎలా కనిపెట్టేవారు? జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఆయన్ని ఎరిగిన తెలుగువాళ్ళంతా ఏళ్ళ తరబడి తలలు బద్దలు కొట్టుకున్నారు. జవాబు ఇప్పటికీ తెలియదు. తెలిసిందల్లా ఒకటే. ఆయనకి మంచు మీద జారకుండా బూట్లకు తొడిగే ఇనుప పళ్ళ పిచ్చి.

ఆ వస్తువు చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. ఒక నల్లటి రబ్బరు వల, దాని అడుగున ఉక్కు మొనలు. బూటు ముందువైపు తగిలించి, మడమ మీదికి సాగదీసి వదిలితే పట్టుకుని కూర్చుంటుంది. జర్మన్లు మంచు గడ్డకట్టిన రోజున తొడుక్కుంటే తొడుక్కుంటారు, లేదంటే అదీ లేదు. కమలాకర్ గారు మాత్రం ఊరంతా ఐస్‌క్రీమ్ తింటున్న సెప్టెంబరులోనే మొదలుపెట్టేవారు. ట్రాములో కరకర. బేకరీ ముందు కరకర. ఆయన వీధి మలుపు తిరగకముందే పావురాలు ఎగిరిపోయేవి.

ఆయన ఉద్యోగం కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో. లోపల దుమ్ము పడకూడదని పొద్దస్తమానం బూట్ల మీద తెల్ల సంచులు తొడుక్కునే ఉండాలి. బయటికి రాగానే ఇనుప పళ్ళు. "మా ఆయన బూట్లకి గాలి తగిలి ఎన్నాళ్ళైందో," అనేవారు ఆయన భార్య శ్యామలాదేవి.

అందరూ "బాగున్నారా?" అని పలకరిస్తే, ఆయన "ఏమ్మా, జారుతోందా?" అనేవారు. ఫోన్లోనూ అదే. కాకినాడలో ఉన్న బావమరిదికి మే నెలలో ఫోన్ చేసినా అదే.

బహుమతి విషయంలోనూ ఆయన తడుముకున్నది లేదు. పెళ్ళిరోజైనా పళ్ళే, గృహప్రవేశమైనా పళ్ళే. తోటి తెలుగమ్మాయి ఉదయశ్రీ పిల్లాడి బారసాలకి కూడా అన్నిటికంటే చిన్న సైజు పట్టుకెళ్ళారు.

"వాడింకా బోర్లా కూడా పడలేదండీ!" అంది ఉదయశ్రీ.

"రేపు నడవడా?" అన్నారు కమలాకర్ గారు.

ఇక ఆయన ఇంటికి భోజనానికి వెళ్ళడమంటే మరో ముచ్చట. మన అలవాటు కొద్దీ అందరూ గుమ్మం బయట, మెట్ల దగ్గర బూట్లు విడిచి లోపలికి వెళతారు. లోపల గుత్తివంకాయ నడుస్తుండగా ఇంటాయన కాసేపు కనబడరు. తిని బయటికొచ్చేసరికి విడిచిన బూట్లన్నిటికీ పళ్ళు మొలిచి ఉంటాయి. ఎవరి సైజు వాళ్ళకి అతికినట్టు! ఉత్త బూట్లతో ఆ ఇంటికి వెళ్ళినవాడు ఉత్త బూట్లతో తిరిగొచ్చిన దాఖలా లేదు.

ఆ మేడలోనే కింది అంతస్తులో స్నేహితురాలు ఫర్హాతో కలిసి గది తీసుకున్న సదియాకి ఈ వ్యవహారం అసలు నచ్చేది కాదు. హైదరాబాద్ టోలీచౌకీ నుంచి వచ్చి, యూనివర్సిటీలో చదువు ముగించి, ఉద్యోగం సంపాదించుకున్న పిల్ల. కమలాకర్ గారు ట్రాము ఎక్కితే ఆమె వెనక పెట్టెలోకి జరిగిపోయేది.

"నవ్వుతున్నరు అంకుల్ అందరు," అంది ఒకసారి.

"నవ్వనీయమ్మా. పడ్డప్పుడు కూడా నవ్వగలిగితే అప్పుడు ఒప్పుకుంటాను."

ఆయనిచ్చిన పళ్ళని సదియా మంచం కింద పెట్టెలో వేసి మర్చిపోయింది.

ఆ జనవరిలో ఒక పొద్దున వాన పడింది. నేలని తాకిన చుక్క తాకినట్టే గడ్డకట్టింది. చెట్ల కొమ్మలు, సైకిళ్ళ సీట్లు, తలుపుల పిడులు, ఊరు మొత్తం గాజుతో పోతపోసినట్టు అయిపోయింది. ట్రాములు ఆగిపోయాయి. సరిగ్గా ఆ పొద్దునే తొమ్మిదింటికి విదేశీయుల ఆఫీసులో సదియాకి ఉద్యోగానికి కావలసిన బ్లూ కార్డ్ కోసం టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. పర్మిట్ నెలాఖరుకి అయిపోతుంది. కార్డు పని కాకపోతే కొత్త ఉద్యోగంలో చేరనివ్వరు. ఈ టెర్మిన్ తప్పితే మళ్ళీ ఎప్పుడిస్తారో దేవుడికే తెలియాలి.

తలుపు తీసి అడుగు బయట పెట్టింది. రెండో అడుగుకి మెట్ల మీద చతికిలబడింది.

పైనుంచి కరకర వినిపించింది.

"ఏమ్మా, జారుతోందా?"

"జారుడు అయిపోయింది అంకుల్. కూసున్న."

"పళ్ళేవి?"

"యాడనో ఉన్నయి. ఇప్పుడు దేవులాడితే నా టెర్మిన్ పోతది!" సదియా ఫోను ఎత్తి చూపించింది. "ట్రాములు బంద్, టాక్సీ దొరుకుత లేదు. ఏం జెయ్యాలె నేను?"

కమలాకర్ గారు భుజానికున్న సంచి దించి ఒక జత తీశారు. మెట్టు మీద మోకాళ్ళేసి కూర్చుని ఆమె బూటు పట్టుకున్నారు.

"అయ్యయ్యో! పెద్దోళ్ళు మీరు, నా కాళ్ళు పట్టుడేంది అంకుల్!"

"కాళ్ళు కాదమ్మా, బూట్లు. కదలకు."

అతికినట్టు సరిపోయాయి.

ఆ తర్వాతి నడకని సదియా జీవితంలో మరిచిపోలేదు. వీధి పొడుగునా మనుషులు చిక్కుకుపోయి ఉన్నారు. ఒకాయన దీపస్తంభాన్ని వాటేసుకుని ఆఫీసుకి ఫోన్ చేస్తున్నాడు. సూటు వేసుకున్న మరొకాయన నాలుగు కాళ్ళ మీద రోడ్డు దాటుతున్నాడు. వాళ్ళందరి మధ్యనుంచి కమలాకర్ గారు కోటు గుండీ విప్పుకుని, ఉత్సవంలో ఏనుగు నడిచినట్టు నడిచిపోతున్నారు. నిన్నటిదాకా నవ్వినవాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ఎల్బే నది వంతెన నట్టనడుమ, కింద నది పొగలు కక్కుతుంటే, చుట్టూ గాజు ఊరు మెరుస్తుంటే, ఈ మనిషి నేలకి మేకులు కొట్టుకుంటూ నడుస్తున్నాడా, లేక నేలే ఈయన మాట వింటోందా అనిపించింది సదియాకి.

కానీ ఆయన తిన్నగా నడిస్తేనా! వంతెన దిగగానే, మందుల సంచి పట్టుకుని కంచెకి అతుక్కుపోయిన ఒక ముసలావిడ దగ్గర ఆగారు. మోకాళ్ళేశారు. ఇంకో జత తీశారు.

"అంకుల్, నా టెర్మిన్!"

"ఆవిడకీ ఏదో టెర్మినే ఉంటుంది కదమ్మా."

తర్వాత ఉత్తరాల బండితో సహా జారుతున్న పోస్టుమనిషి. తర్వాత కీటాకి, అంటే చిన్నపిల్లల బడికి, పరుగెత్తాల్సిన టీచరమ్మ. "పిల్లలొచ్చేస్తే తలుపెవరు తీస్తారు?" అన్నారు కమలాకర్ గారు, ఆవిడ కాలు పట్టుకుని. ఆగినప్పుడల్లా సదియా ఫోన్లో టైము చూసుకునేది. సంచి మాత్రం సన్నబడుతూ వచ్చింది.

ఆఫీసు గుమ్మం చేరేసరికి తొమ్మిది కావస్తోంది. ఇనుప పళ్ళతో లోపలికి రానివ్వరు, గచ్చు గీసుకుపోతుంది. సదియా రబ్బరు పట్టుకుని లాగింది. చలికి బిగుసుకుపోయి రాలేదు. లోపల తెర మీద ఆమె నంబరు వెలిగింది.

ఇంకేం చేస్తుంది? చిన్నప్పటినుంచీ ఎవరి గుమ్మం ముందైనా చేసిన పనే చేసింది. బూట్లు బయటే విడిచి, మేజోళ్ళతో లోపలికి పరుగెత్తింది.

కౌంటరు వెనకావిడ కళ్ళద్దాలు సర్దుకుని కిందికి చూసింది. "బూట్లేవి?" అని జర్మన్లో అడిగింది.

"బయట ఉన్నాయి," అంది సదియా, అదేదో చట్టంలో రాసినట్టు.

ఆవిడ ఇంకేం అడగలేదు. వేలిముద్రలు తీసుకుంది. సంతకం పెట్టించుకుంది. కార్డు తర్వాత వస్తుందనీ, ఈలోగా ఉద్యోగంలో చేరడానికి ఈ కాగితం చాలనీ చెప్పింది.

సదియా మేజోళ్ళతోనే గంతులేస్తూ బయటికొచ్చింది. "అయిపోయింది అంకుల్!" అని అరిచింది.

గుమ్మం దగ్గర ఆమె బూట్లు మాత్రమే ఉన్నాయి, వేసుకోవడానికి వీలుగా వీధివైపు తిప్పిపెట్టి. పక్కన కాపలాదారు నిలబడి ఉన్నాడు.

"ఆయన వెళ్ళిపోయారు," అన్నాడతను. "చంటిబిడ్డని ఎత్తుకుని ఒకాయన వచ్చాడు. మెట్లు దిగడానికి భయపడుతున్నాడు. మీ పెద్దాయన సంచిలో ఇక ఏమీ లేదు. తన కాళ్ళవి విప్పి ఇచ్చేశారు."

సదియా వీధిలోకి చూసింది. బిడ్డని గుండెలకి హత్తుకుని ఒక తండ్రి కరకరమంటూ నిశ్చింతగా వెళ్ళిపోతున్నాడు. అతనికి చాలా వెనకగా, ఉత్త బూట్లతో, కమలాకర్ గారు ఒక స్తంభాన్ని కౌగిలించుకుని ఉన్నారు.

ఇన్నాళ్ళూ ఆయన తాను పడిపోతానని భయపడుతున్నారనుకుంది ఊరంతా. సదియా కూడా అలాగే అనుకుంది.

"అంకుల్! ఆగుండ్రి, నేనొస్తున్న!" అని గొంతు చించుకుంది, ఒక బూటు వేసుకుని, రెండో దానికోసం తడుముకుంటూ.

ఆయనకి వినబడే ఉంటుంది. కానీ వెనక్కి తిరిగితే పడతారు. చెయ్యి ఊపాలంటే స్తంభం వదలాలి. అందుకని ఆ రెండూ చెయ్యలేదు. ఎదురుగా ఆగి ఉన్న కారువైపు ఒక్కసారిగా జారి, దాని అద్దం పట్టుకుని నిలదొక్కుకున్నారు. కారుకి మర్యాదగా ఏదో చెప్పారు. అక్కడినుంచి చెత్తడబ్బాకి, చెత్తడబ్బా నుంచి కంచెకి, కంచె వెంట చేతుల మీద చేతులు మార్చుకుంటూ, మలుపు తిరిగి వెళ్ళిపోయారు.