రెండు మెట్లు పైన పాడిన అల్లెలూయా

మా పెద్దమ్మ కూతురు సునీతక్క దోహాలోని అల్ సద్‌లో నర్సు. కిందటేడు థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక చర్చిలో పాడటం మానేసింది. మాట్లాడే గొంతు తిరిగి వచ్చింది కానీ పాడే గొంతు సంగతి డాక్టర్లు కూడా చెప్పలేకపోయారు. ఈ శుక్రవారం ఒక పాట ఒక్కతే పాడతానని ఒప్పుకుని, కాగితాలు తిప్పడానికి నన్ను రమ్మంది. అది మూడు వందల ఏళ్ల కిందటి లాటిన్ భక్తిగీతం. ఒక గొంతు, పక్కన ఒక వాద్యం, అంతే. చివరి రెండు పేజీల్లో ఉన్నది ఒకే మాట, అల్లెలూయా. ఒక్క మాటలో అంతసేపు ఉండిపోవచ్చని తెలిసి నేను మురిసిపోయాను. అక్క భయమంతా ఆ మాట చివర వచ్చే పై స్వరం గురించే. ఇంట్లో అది ఒకరోజు అందేది, ఒకరోజు అందేది కాదు.

మేముండే అల్ ఖోర్ నుంచి దోహాకు బస్సులో గంట దాటుతుంది. శుక్రవారం బస్సులు తక్కువ, నాది ఆలస్యంగా వచ్చింది. దిగాక మెట్రోలో రెండు రియాళ్లకు అల్ సద్ చేరాను. అక్కడి నుంచి ఇద్దరం టాక్సీ ఎక్కాం. డ్రైవరుది జగిత్యాల వైపు.

"యల్లా, పోదాం. ఏందమ్మా, అక్క మాట్లాడ్తలేదు, అలిగిందా?"

"లేదన్నా, పాట ఉంది. గొంతు దాచుకుంటోంది."

"మేముండే క్యాంప్‌ల ఒకడున్నడు, రాత్రంత గురకనే. ఆడు గూడ జర దాసుకుంటే మేం బతుకుదుం!"

అక్క చప్పుడు లేకుండా నవ్వింది. కానీ నా చెయ్యి మాత్రం వదల్లేదు.

చర్చిలన్నీ ఒకేచోట ఉన్న ఆవరణ గేటు దగ్గర తనిఖీకి పెద్ద వరస. అక్కడ ఒకే హాలును ఒక్కో భాష వాళ్లు వంతులవారీగా వాడుకుంటారు. మేం వెళ్లేసరికి మా వంతు మొదలైపోయింది, మొదటి పాట అక్కదే. కీబోర్డు వాయించే ప్రసాదన్నది కాకినాడ.

"ఇప్పుడా రావడం! ఒకసారి చూసుకుందామంటే టైమేదమ్మా? తిన్నగా మొదలెట్టేద్దాం."

ఆ కాలపు పాటల్లో వాద్యానికి కింది స్వరాలు, వాటి దగ్గర అంకెలు మాత్రమే రాస్తారు. మిగతాది వాయించేవాళ్లే అల్లుకోవాలి. అందుకే అన్న కళ్లు కాగితం మీదే ఉన్నాయి.

అక్క మొదలుపెట్టింది. అన్న పక్కన నిలబడి రెండో పేజీ తిప్పుతూ కీబోర్డు తెర చూశాను. మూలన 'ట్రాన్స్‌పోజ్ +2'. ముందు వంతువాళ్లు తమ పాట కోసం శ్రుతి రెండు మెట్లు పెంచి అలాగే వదిలేశారు! అంటే ఆ పై స్వరం ఇప్పుడు ఇంకా పైన ఉంటుంది. మధ్యలో మారిస్తే పాట విరుగుతుంది. అల్లెలూయాకు ముందు చిన్న విరామం ఉంది. అది రాగానే తెర మీద వేలు పెట్టాను. అన్న కాగితం మీంచి కళ్లు తిప్పి చూశాడు. చెయ్యి బటన్ దగ్గరకు వెళ్లింది.

అక్క మా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపింది.

అల్లెలూయా మొదలైంది. మొదటిసారి ఆ స్వరం దగ్గర అక్క కింది స్వరానికి తప్పుకుంది. ఆ మాటే మళ్లీ పాడాలి. ఈసారి పైకి వెళ్లింది. స్వరం సన్నగా, అంచులో కొంచెం బొంగురుగా వచ్చింది. కానీ వచ్చింది, నిలబడింది.

"శ్రుతి పెరిగిందని నీకెప్పుడు తెలిసిందక్కా?" బయటికొచ్చాక అడిగాను.

"మొదటి మాటకే."

"మరి తగ్గించనియ్యలేదేం?"

"తగ్గిస్తే, నేను భయపడ్డానని నా గొంతుకు తెలిసిపోదూ?"

తిరుగు బస్సులో ఆ ఒక్క మాటనే లోపల అనుకుంటూ వచ్చాను. దాని అర్థం ముందే చదివాను, దేవుణ్ణి స్తుతించండి అని. అందులో ఒక మనిషి ఏడాది భయం కూడా పడుతుందని ఏ నిఘంటువూ చెప్పలేదు. మీరు ఆ చర్చిల దగ్గరికి పాట వినడానికి వెళ్లినా, పాడటానికి వెళ్లినా, గుర్తింపు కార్డు చేతిలో పట్టుకుని గేటు దగ్గరికి అరగంట ముందే చేరండి. ఆ అరగంట ఉండి ఉంటే మేం తెర చూసుకునేవాళ్లం, అక్క అంత ఎత్తు దాకా వెళ్లేదే కాదు. అయినా ముందే వెళ్లండి.