పదేళ్లు నిండనిదే పడవ ఎక్కరాదు

జనవరి పదకొండు, గురువారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. గాలి లేదు; చాచిన చెయ్యి కనబడనంత మంచు. ఆ ఘడియలో కోడలు ఊరి సరస్సులో కట్టి ఉన్న మామగారి తెరచాప పడవలో మొదటిసారి కాలు పెట్టింది, అదీ అనుమతి లేకుండా. పదేళ్లపాటు ఇంట్లో నమ్మకంగా పనిచేయని దేన్నీ మామగారు ఆ పడవ ఎక్కనివ్వరు. ఆమె ఆ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ల ఏడు నెలలే అయింది.

బజారులో కొన్న సరకు ఎంత మెరిసినా, నీటి మీద మనిషిని ముంచుతుందని ఆయన సిద్ధాంతం. ముప్పయ్యేళ్లు కట్టుడు పళ్లు తయారుచేసి, ఊళ్లోని పెద్దలందరి చేతా మళ్లీ గట్టిపదార్థాలు నమిలించిన చేతులవి. పని మానుకున్న మర్నాడే పన్నెండడుగుల పాత పడవనొకదాన్ని ఎక్కడినుంచో ఈడ్చుకొచ్చారు. నాటినుంచి ఇంట్లోని సామాను వయసులు విచారించడం మొదలైంది.

"ఈ గరిటెకు ఎన్నేళ్లమ్మాయ్?"

"మా పెళ్లికి ముందునుంచీ ఉందిగా మామయ్యగారూ," అని ఆమె నోరు జారింది. తెల్లవారేసరికి గరిటె లేదు.

ఆ తరువాత వీధి తలుపు గంట పోయింది. కిటికీ తెర పోయి తెరచాపకు మాసికగా తేలింది. ఒకనాడు కుక్కరు మూడు కూతలు కూయవలసిన వేళ మౌనం వహించింది.

"కుక్కరు ఈల ఏమైంది మామయ్యగారూ?"

"దానికి పదోన్నతి వచ్చిందమ్మాయ్."

లెక్కల పంతులమ్మ అయివుండీ ఆమె అబద్ధపు లెక్కలు చెప్పడం నేర్చుకుంది. గిన్నెలన్నీ పోయిన వారం కొన్నవేనంది. ఆయన ప్రతిదాన్నీ తిరగేసి, మాడిన అడుగు చూసి, "పాపం, వారంలో ఎంత కష్టపడిందో," అనేవారు.

ఒకసారి ఆమె నిజంగానే అడిగింది. "నన్నూ ఒకసారి పడవలో తిప్పరాదూ?"

"తొందరేముంది? పదేళ్లు నిండనీ. మనిషివి గనుక వయసు దాచే వీలూ లేదు."

ఆ పడవను చూసినవారికి పగలే వెన్నులో చలి పుట్టేది. చిల్లులన్నిటికీ ఆయన కట్టుడు పళ్ల చిగుళ్లు చేసే గులాబిరంగు ముద్దనే పూశారు. తాళ్లు బిగించడానికి, చేయించుకున్నవాళ్లు తీసుకెళ్లని పలువరుసలు వాడారు; తాడు వదలగానే పై వరుస కింది వరుస మీద టక్కున పడి కరుచుకునేది. తెరచాప స్తంభం మీద పాత నీటిగొట్టం. గాలి తగిలితే అది మూలిగేది; అల తగిలితే గంట, గరిటె, ఈల మోగేవి. స్తంభానికి కొక్కెం, కొక్కేనికి ఆయన పాత కోటు. మంచులో ఆ కోటు నిలబడిన మనిషిలాగే ఉండేది. నిలబడిన మనిషికి కాళ్లు లేకపోవడమొక్కటే లోపం.

ఉదయపు నడకకు వచ్చేవాళ్లు సరస్సు వైపు రావడం మానేశారు. చివరికి సరస్సు కాపలాదారు తాఖీదు పట్టుకుని ఇంటికే వచ్చాడు.

"నేను దయ్యాల్ని నమ్మనమ్మా. కాని నిన్న అది నన్ను పిలిచింది."

"పేరు పెట్టి పిలిచిందా?"

"పేరు సరిగా పలకలేదు గాని, ధోరణి నన్ను పిలిచినట్లే ఉంది."

శుక్రవారం లోపల మోత ఆగకపోతే పడవను రేవు నుంచి తొలగించి పారవేస్తామని తాఖీదు. మామగారు దాన్ని రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, ఆ పూట అన్నం సగంలో లేచిపోయారు.

"ఈ మోత ఎందుకో కారణం రాసి అర్జీ పెట్టుకుందాం," అంది కోడలు.

"అది రాసే కారణం కాదమ్మాయ్."

మోత లేకపోతే పడవైనా దక్కుతుందని ఆమె అనుకుంది. అందుకే ఆ గురువారం ఉదయం సంచీ, స్క్రూడ్రైవరు పట్టుకుని, రేవు పలకల చివర, బండల పక్కన కట్టి ఉన్న పడవలో దిగింది. గంట విప్పింది. గరిటె, దానితో కొట్టే గిన్నెమూత విప్పింది. అలకు ఊగి ఊదే తిత్తినుంచి ఈల లాగింది. ఒక్కొక్కటి సంచీలో పడేకొద్దీ మంచు ఒక్కో అడుగు దగ్గరికి వచ్చినట్లయింది. ఆఖరికి ఏ చప్పుడూ మిగలలేదు. ఇన్నాళ్లూ ఆ మోతకు భయపడిన మనిషి, ఇప్పుడా నిశ్శబ్దానికి కోటు వైపు చూడలేకపోయింది.

అప్పుడు నీటి మీద ఎక్కడో తెడ్డు చప్పుడైంది. ఆగింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. మళ్లీ ఆగింది. తరువాత నెమ్మదిగా బండల వైపు రాసాగింది.

పలకల మీద అడుగులు వినిపించాయి. మామగారు.

"అన్నీ విప్పేశావా?"

ఆమె సంచీ ఎత్తి చూపింది. ఆయన పడవలోకి దిగి చెయ్యి చాచారు. "గరిటె ఇలా ఇవ్వు. మూత కూడా."

ఆయన వాయించడం మొదలుపెట్టారు. ఏ తాళానికీ లొంగని వాయింపు. తెడ్డు చప్పుడు ఒక్క క్షణం నిలిచి, బండలను వదిలి, మోత వైపు తిరిగింది. మంచును చీల్చుకుని ఒక చేపల నావ, అందులో వలల పెద్దాయన. మామగారికి చిన్ననాటి స్నేహితుడు. ఏడాదిగా ఇంటికి రావడం మానేసినవాడు.

"ఏరా, ఇవాళ నీ దిక్కుమాలిన మోత ఆలస్యమైందేం? మొద్దునిద్రా?" అని నావలోని పెద్దాయన గద్దించాడు.

ఆయన గద్దించింది మామగారిని కాదు, కొక్కేనికి వేలాడే కోటును.

కోడలు నోరు తెరవబోయింది. మామగారు వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. చప్పుడు కాకుండా స్తంభం చుట్టూ తిరిగి, కోటు వెనక్కి చేరి, అక్కడినుంచి జవాబిచ్చారు.

"నీకెందుకురా నా మోత? నీ దారిన నువ్వు రావచ్చుగా."

"నాకెందుకూ? చెవులు పోతున్నాయి. ఎడమ చెవి మరీను."

"ఎడమ చెవికి వినిపిస్తోందంటే రేవులోకే వస్తున్నావు. పో, పో."

నావ మోతను ఎడమ పక్కన ఉంచుకుని క్షేమంగా సాగిపోయింది. మోత కుడి చెవికి వినిపిస్తే ఎదురుగా బండలేనని ఆమె లెక్క కట్టుకుంది. అది ఆమె చేసిన లెక్కల్లో అతి చిన్నది, అతి ఆలస్యంగా తేలినది.

"వాడి చూపు పోయిందని తెలిస్తే వేట అనుమతి చీటీ లాక్కుంటారు," అన్నారు మామగారు కోటు వెనకనుంచే. "చెయ్యి పట్టుకుని నడిపిస్తే వాడు చచ్చినా ఒప్పుకోడు. తిట్టడానికైతే రోజూ వస్తాడు."

"మరి ఇంట్లో సామానే ఎందుకు మామయ్యగారూ? బజారులో గంటలు లేవా?"

"వాడు మనింట్లో నలభయ్యేళ్లు తిన్నాడమ్మాయ్. ఆ గరిటె చప్పుడు వాడి చెవి ఎక్కడున్నా గుర్తుపడుతుంది. కొత్తది వాడికి పరాయిది."

ఆమె సంచీ తెరిచి, బడి గంట కొట్టే వేళ దాకా కూర్చుని, అన్నిటినీ మళ్లీ బిగించింది. ఈల వదులుగా ఉందని రెండు చుట్లు ఎక్కువే తిప్పింది. మధ్యాహ్నం తాఖీదు పంపిన సరస్సు కార్యాలయానికి వెళ్లి, మంచులో బండలున్నచోట హెచ్చరిక ధ్వని ఎందుకు అవసరమో దూరాలు, కోణాలు వేసి రెండు పుటల అర్జీ ఇచ్చింది. అందులో ఎవరి కళ్ల ప్రస్తావనా లేదు. కోణాలు అర్థంకాని అధికారి సంతకం పెట్టాడు.

తరువాతి సంగతులివి. పడవ అక్కడే ఉంది. కార్యాలయపు పుస్తకంలో దానిపేరు హెచ్చరిక పరికరం. కాపలాదారు అది పిలిస్తే ఇప్పుడు పలుకుతున్నాడు. వలల పెద్దాయన మరి రెండు శీతకాలాలు వేటాడి, చీటీ తనంతట తానే తిరిగి ఇచ్చి, రోజూ పలకల మీద కూర్చుని కోటును తిడుతున్నాడు. అర్జీ ఇచ్చిన ఏడాది జూన్‌లోనే కోడలు ఆ ఇంటికి వచ్చి పదేళ్లు నిండాయి. మామగారు ఆమెను పడవలో కూర్చోబెట్టి, గరిటె చేతికిచ్చి, కొత్త గరిటె వంటింటికి తానే కొనితెచ్చారు. తెచ్చిన తేదీ దాని కాడ మీద చెక్కించి మరీ తెచ్చారు.